మేక ఎక్కిన వంతెనకు నలభై రెండు మెట్లు

ఆ ఏడాది కొబ్బరిచెట్టు కనిపిస్తే చాలు, నాకు ఒళ్ళు మండేది. చెట్టు మీద కోపం కాదు. మా అక్క రాసిన కథ ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా యార్డు పక్కన జరుగుతుంది. గూడ్సు బోగీలు, యార్డు గోడ, గోడకు ఆనుకుని మరమరాలు అమ్మే మనిషి, డ్యూటీ దిగి వచ్చే జనం, కథలో ఉన్నవి ఇవే. ఆ కథకు వేసి పంపిన బొమ్మలో మాత్రం ఒక కాలవ, కాలవ గట్టున వంగిన రెండు కొబ్బరిచెట్లు, వాటి మధ్య తాటాకు పాక వచ్చాయి. పాక ముందు ముగ్గు కూడా వేసి ఉంది. ఫోన్‌లో ఆ బొమ్మను అక్క ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఏటే, మన యార్డుని ఎవులో కోనసీమకి ట్రాన్స్‌ఫర్ సేసీసినారు" అంది.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క బొమ్మ కోసం మూడు వారాలు ఎదురుచూశాను.

అక్క ఖరగ్‌పూర్‌లోనే తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. నేను రైల్వే డ్రాయింగ్ సెక్షన్‌లో ట్రేసర్‌గా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా గీతలు గీసి, చివరికి ఇతరులు గీసినవి దిద్దే కుర్చీ దాకా వచ్చి రిటైరయ్యాను. ఆ ఊళ్ళోనే ఖరిదాలో మా ఇద్దరిదీ ఒకటే ఇల్లు. పై వాటా ఆమెది, కింది వాటా నాది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ఇద్దరం టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక ఫిట్టరు క్వార్టరు వరండాలో అక్క పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేది. నేను వెళ్ళేది పలకలు సర్దడానికి, అల్లరి చేసేవాళ్ళను కసరడానికి. రెండో పని నాకు బాగా వచ్చు.

ఆ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు, గల్లీలో బెంగాలీలో పోట్లాడుకుంటారు. తెలుగు చదవడం ఒక్కటే రాదు. అక్క ఆంధ్రా నుంచి తెప్పించిన బొమ్మల పుస్తకాలు ముందు పెడితే, ఎడ్లబండినీ ఏతాన్నీ వింతగా చూసేవారు. ఒక ఆదివారం ఏడేళ్ళ పిల్ల ఒకతె పుస్తకం మూసేసి అడిగింది.

"టీచరమ్మా, ఇయ్యన్నీ వేరే ఊరోల్ల పుస్తకాలు. మన గల్లీ ఏ పుస్తకంలో ఉంది?"

ఏ పుస్తకంలోనూ లేదు. అక్క అబద్ధం చెప్పలేక వేరే మాట ఎత్తింది. ఇంటికి వచ్చాక మాత్రం పాత హాజరు పట్టీ ఒకటి తీసి, వెనక పేజీల్లో కథలు రాయడం మొదలుపెట్టింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ గల్లీలు, నిమ్‌పురా యార్డు, రైలు పట్టాల మీది నడక వంతెన, అక్కడి మనుషులు. ఎనిమిది కథలు అయ్యాయి. విశాఖలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణకర్త చదివి, వేస్తానన్నాడు. వేసవి సెలవులు అయి బడులు తెరిచేలోగా బొమ్మలు చేతికి రావాలన్నాడు. మాకూ తొందర ఉంది. ఆ గల్లీలో పాత క్వార్టర్లు ఒక్కొక్కటిగా పనికిరావని గుర్తు వేస్తున్నారు. గుర్తు పడిన ఇంటివాళ్ళు వేరే కాలనీకి వెళ్ళిపోతున్నారు. వరండాలో పదిహేను మంది పిల్లలు పదకొండు మంది అయ్యారు. ఆ పిల్ల అక్కడ ఉండగానే, తన గల్లీ ఉన్న పుస్తకం తన చేతిలో పెట్టాలని అక్క పట్టుదల. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

"నువ్వు డ్రాయింగుల్లోనే బతికినావు కదే. బొమ్మల సంగతి నీది" అని నాకు అప్పజెప్పింది. నేను పొంగిపోయాను. అక్కడే మొదలైంది అసలు తంటా.

ప్రచురణకర్త ఈ రోజుల్లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్న వాళ్ళ పేజీలు ఓ పదిహేను నా ఫోన్‌కు పంపించాడు. చూసి ఎంచుకోమన్నాడు. అప్పటిదాకా నాకు బొమ్మ అంటే బొమ్మే. ఎవరు వేస్తే ఏమిటి అనుకునేదాన్ని. మొదటి వారం అందరివీ ఒకేలా అనిపించాయి, కొత్తగా దిగిన ఊళ్ళో అందరి ముఖాలూ ఒకేలా అనిపించినట్టు. తర్వాత మెల్లగా ఎవరు ఎవరో తెలియడం మొదలైంది. ఒకావిడ పాత వార్తాపత్రికలు కత్తిరించి అతికిస్తుంది. ఆమె వేసిన ఏనుగు పొట్ట మీద ఎవరిదో పెళ్ళి ప్రకటన చదువుకోవచ్చు. ఒకాయన దేన్నయినా పైనుంచే చూస్తాడు. ఆయన పెళ్ళి భోజనాల బొమ్మలో విస్తళ్ళూ బట్టతలలూ తప్ప మరేమీ లేవు. ఇంకొకరి ప్రతి పేజీలోనూ ఒక మూల పిల్లి పడుకుని ఉంటుంది, కథలో పిల్లి ఉన్నా లేకపోయినా. చేతివేళ్ళు వేయడం కష్టమైనవాళ్ళు తమ మనుషులందరినీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబెడతారని కూడా కనిపెట్టాను. నెల తిరిగేసరికి పేరు మీద బొటనవేలు పెట్టి దాచి, బొమ్మ చూసి మనిషిని చెప్పగలిగే స్థితికి వచ్చాను. మా ఆయనకు రోజూ కాఫీ దగ్గర పరీక్ష పెట్టేదాన్ని. ఆయన ఒక్కటీ సరిగ్గా చెప్పేవాడు కాదు. నాకు గర్వంగా ఉండేది.

అలా చూసి చూసి ఎంచుకున్న మొదటి మనిషే గోదావరి జిల్లా అమ్మాయి. నీళ్ళ రంగులు వేస్తుంది. రంగును గీత లోపల ఉంచదు, పక్కకు పారనిస్తుంది. ఆమె బొమ్మలో ఏదైనా అప్పుడే వాన వెలిసినట్టు తడిగా ఉంటుంది. ముఖంలో రెండు చుక్కలు పెట్టి వదిలేస్తుంది, ఆ రెండు చుక్కల్లోనే దిగులో సంతోషమో తెలిసిపోతుంది. మనసు పడి అడిగాను. ఆ కొబ్బరిచెట్లు వచ్చాయి.

ఫోన్ చేసి, మా ఊళ్ళో కాలవ లేదు, పాకలు లేవు అని చెప్పాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"నిజమేనండీ మేడమ్. కానీ చూడగానే తెలుగువాళ్ళు అని తెలియాలి కదండీ."

అంటే కొబ్బరిచెట్టు పక్కన నిలబడితేనే తెలుగువాళ్ళం అన్నమాట. మా తాత సిక్కోలు నుంచి వచ్చి ఇక్కడ ఇంజన్లకు బొగ్గు ఎత్తాడు. మూడు తరాలుగా కాలవ లేకుండానే మేము తెలుగులో తిట్టుకుంటున్నాం, తెలుగులో ఏడుస్తున్నాం. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నాను. కానీ నా గొంతు అప్పటికే పెరిగింది. ఫోన్ పెట్టేశాను.

రెండో ఆయన హైదరాబాదు. కంప్యూటర్ తెర మీదే వేస్తాడు. అసలు గీతే ఉండదు, పూత పూసినట్టు చదునైన రంగులు. మనుషులకు చిన్న చిన్న తలలు, తాళ్ళలా సాగే చేతులు, నీలం రంగు ఒళ్ళు. మొదట నచ్చలేదు. చూడగా చూడగా ఆ సాగిన చేతుల్లో ఒక హుషారు కనిపించింది. ఆయనకు మా పక్క గల్లీ ముసలమ్మ కథ పంపాను. వర్క్‌షాపు సైరన్ విని అన్నం వార్చే ముసలమ్మ. ముక్కుకు రెండు పక్కలా పుడకలు, మోచేతి దాకా పచ్చబొట్టు, ముతక నేతచీర. ఆయన బొమ్మలో ఆమె ఎర్ర అంచు తెల్లచీర కట్టింది. చేతులకు శంఖు గాజులు, నుదుట రూపాయంత బొట్టు, వెనక దుర్గమ్మ పందిరి.

"వెస్ట్ బెంగాల్ కదా మేడమ్" అన్నాడాయన. "ఆ ఫీల్ రావాలని. అన్నట్టు అక్కడ చాలా పొడవైన ప్లాట్‌ఫారం ఉందట కదా, అది కూడా ఎక్కడైనా పెడదామా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒకరు మమ్మల్ని అటు లాగారు, ఒకరు ఇటు లాగారు. మేము ఉన్నచోట మమ్మల్ని చూడటానికి ఎవరికీ తీరిక లేదు. తర్వాత అడిగిన ఇద్దరూ అంతే. ఒకరు కథ చదవకుండానే రైలింజనుకు కళ్ళూ నోరూ పెట్టి పంపారు. ఇంకొకరు మూడు నెలల దాకా ఖాళీ లేదన్నారు.

"పోనీవే. ఆలు మనూరు ఎప్పుడు సూసినారని?" అంది అక్క. అక్క ఎప్పుడూ అంతే, ఎవరి మీదా కోపం పెట్టుకోదు. ఆ మాట పట్టుకుని నేను ఒక నిర్ణయానికి వచ్చాను. చూడలేదు కాబట్టే కదా తప్పులు. అయితే చూపిస్తాను. చూపించడం నాకు రాదా?

మర్నాడే స్టీలు టేపు, క్లిప్పు అట్ట, స్కేలు తీసుకుని ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు బయల్దేరాను. అక్కను కూడా లాక్కెళ్ళాను. ఎండలో టేపు కొస పట్టుకుని నిలబడి, "ఇల్లు కొంతామేటే మనం?" అని సణిగింది. వరండా పొడవు, స్తంభం మందం, తలుపు ఎత్తు, గుమ్మం ముందు రాతి మెట్టు, అన్నీ కొలిచాను. మమ్మల్ని చూసి పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ గాబరాగా బయటికి వచ్చింది. "తోడేంగే క్యా, దీదీ?" అని అడిగింది. కూల్చేస్తారేమోనని ఆమె భయం. పిల్లల పుస్తకానికి కొలుస్తున్నామని చెబితే నమ్మలేదు. నేను కూడా ఆమె చోట ఉంటే నమ్మను. తర్వాత నడక వంతెనకు వెళ్ళి మెట్లు లెక్కపెట్టాను. ఒక వైపు నలభై రెండు. సరిచూసుకోవడానికి దిగుతూ మళ్ళీ లెక్కపెట్టాను. వారం రోజులు కూర్చుని ప్లాను, ముందు నుంచి చూపు, పక్క నుంచి చూపు, అన్నీ గీసి కొలతలు రాశాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అంత శుభ్రంగా గీయలేదు.

ఆ కాగితాలన్నీ పంపింది అయిదో ఆయనకు. శ్రీకాకుళం వైపు మనిషి, బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతూ, తీరిక వేళల్లో పుస్తకాలకు వేస్తాడు. నల్ల సిరా తప్ప రంగు ముట్టడు. కలం కాగితం మీద ఆనించాడంటే బొమ్మ పూర్తయ్యేదాకా ఎత్తడు. కుర్చీ కాలు దగ్గర మొదలైన గీత మనిషి మోకాలెక్కి, భుజం దాటి, ముక్కు చుట్టి, కిటికీలోంచి బయటికి పోయి కాకి అవుతుంది. ఎక్కడా తెగదు. ఆ గీత వెంట నా వేలు పెట్టి ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. ఆయన మాట కూడా మా ఇంటి మాటలాగే ఉండేది. పైగా కథలన్నీ చదివాడు.

నా కొలతలు అందకముందే ఆయన మేక కథకు ఒక చిత్తు బొమ్మ వేసి పంపాడు. అక్క కథల్లో పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. షిఫ్టు మారే వేళకు ఒక మేక నడక వంతెన ఎక్కి మధ్యలో నిలబడిపోతుంది. ఇటువాళ్ళు అటు పోలేరు, అటువాళ్ళు ఇటు రాలేరు. ఆయన బొమ్మలో మేక రైలింజను అంత ఉంది. దాని బరువుకు వంతెన నడుం వంగిపోయింది. మెట్ల మీద జనం మెడలు వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు. మేక ఎవరినీ చూడటం లేదు. ఎవరి టిఫిన్ క్యారియర్‌లోదో రొట్టె నములుతోంది. అన్నీ కలిపి ఒకే గీత.

అక్క నవ్వి నవ్వి పొలమారింది. "ఇదేనే నా మేక" అంది, కళ్ళు తుడుచుకుంటూ. నాకూ నచ్చింది. చాలా నచ్చింది. నచ్చిందని చెప్పి ఊరుకుని ఉంటే సరిపోయేది.

మా సెక్షన్‌లో ఒక ఆచారం ఉండేది. దిద్దడానికి వచ్చిన డ్రాయింగు మీద ఎర్ర పెన్సిల్ గుర్తు ఒక్కటీ లేకుండా తిరిగి పోయిందంటే, దిద్దినవాళ్ళు నిద్రపోయారని లెక్క. డ్రాయింగు ఎంత బాగుంటే అంత గట్టిగా వెతకాలి. నేను అలాగే నేర్చుకున్నాను, నా కింది వాళ్ళకూ అలాగే నేర్పాను. వంతెన గీతలో అంగుళం తప్పితే నిజం వంతెన మీద మనుషులు పడిపోతారు, అది ఉత్త మాట కాదు. ఆ మేక బొమ్మను ఖరిదాలో ప్రింటు తీయించి, బల్ల మీద పరిచి, చేతికి అలవాటైన ఎర్ర పెన్సిల్ తీసుకున్నాను.

మెట్లు పదకొండే ఉన్నాయి, నలభై రెండు ఉండాలి. ఎర్రగా సున్నా చుట్టాను. పక్క కమ్ములు నిలువుగా ఉండాలి, అడ్డంగా వేశారు. చుట్టాను. కింద బోగీకి చక్రాలు తక్కువ. వంతెన వంగరాదు. మేక ఎత్తుకూ మెట్టు ఎత్తుకూ పొంతన లేదు, మేక భుజం మూడున్నర మెట్ల కన్నా పైకి రాదు. అన్నీ చుట్టి, సరైన కొలత పక్కన రాసి, ఫోటో తీసి పంపాను.

"అమ్మా, మేక చిన్నదయితే నవ్వు పోద్దేమో" అన్నాడాయన ఫోన్‌లో.

"పోదు నాయనా. పిల్లలు ఆ వంతెన రోజూ ఎక్కుతారు. తప్పుంటే ఇట్టే పట్టేస్తారు" అన్నాను.

"గీత తెగకుండా నలభై రెండు మెట్లంటే కష్టమమ్మా."

"తెగితే ఏమైంది? మెట్లు ముఖ్యం. లెక్కెట్టి వెయ్యి" అన్నాను.

"అలాగేనమ్మా" అన్నాడు. ఆ 'అలాగేనమ్మా' నాకు అప్పుడు వినయంలా వినిపించింది. నాలుగు విడతలు తిప్పాను. ఎనిమిది కథలకూ నాలుగు విడతలు. ఒకరోజు నా భుజం మీదుగా ఆ ఎర్ర సున్నాలు చూసి అక్క, "ఆడి మేకని ఆడికొగ్గీయే" అంది. నేను చెవిన వేసుకోలేదు. పైగా, కాలవ వచ్చినప్పుడు నవ్వి ఊరుకున్న మనిషివి, నీ పుస్తకం కోసం ఎవరు పట్టుకు కూర్చుంటారు అని గయ్యిమన్నాను. ఆమె పైకి వెళ్ళిపోయింది.

చివరి బొమ్మలు వచ్చిన రోజు నాకు పండగే. స్కేలు పెట్టి కొలిచాను. స్తంభం స్తంభంలా ఉంది, కమ్మీ కమ్మీలా ఉంది. ఒక్క ఎర్ర గుర్తుకు కూడా చోటు దొరకలేదు. ఖరిదాలో పెద్ద ప్రింట్లు తీసిన షాపాయన, "ఇంజనీరింగ్ ప్రాజెక్టా, దీదీ?" అని అడిగాడు. నేను సంతోషపడ్డాను.

ఆదివారం ఆ ప్రింట్లు వరండాలో పరిచాం. పిల్లలు చుట్టూ మూగారు. తమ క్వార్టరును గుర్తుపట్టారు, వంతెనను గుర్తుపట్టారు. నేను అక్క వైపు చూశాను, చూశావా అన్నట్టు. అప్పుడు ఆ ఏడేళ్ళ పిల్ల మేక కథ కాగితం చేతిలోకి తీసుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి అడిగింది.

"టీచరమ్మా, మేకేదీ?"

మేక ఉంది. కొలత ప్రకారం ఉంది. అంత వంతెన కాగితంలో ఇమిడేసరికి మేక బియ్యపుగింజంత అయింది. మనుషులు ఇంకా చిన్నవాళ్ళయ్యారు. ఒక పిల్ల వేలితో వెతికి "ఇదిగో" అని చూపించింది. మిగతావాళ్ళు చూసి, సరే అని, రెండో కాగితం తీసుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అక్క కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, దారం కట్టి, పలకలు తీయండి అంది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొదట పిల్లల మీద వచ్చింది, ఫోన్లు చూసి చూసి కళ్ళు పాడు చేసుకున్నారని. తర్వాత ఆ చిత్రకారుడి మీద. పని తెలిసినవాడు నేను చెప్పిందల్లా ఎందుకు విన్నాడు? ఆ వేడి మీదే ఫోన్ చేశాను. మొదటే గట్టిగా వద్దని చెప్పాల్సింది కదా అని నిలదీశాను.

"సెప్పినానమ్మా" అన్నాడు నెమ్మదిగా. "రెండుసార్లు సెప్పినాను. మీరు మెట్లు లెక్కెట్టమన్నారు."

అప్పుడు కోపం పోవడానికి వేరే చోటు లేక నా మీదికే వచ్చింది. ఆ మొదటి మేకనే మళ్ళీ వేసి పెట్టమని బతిమాలాను. నా ఫోన్‌లో ఉన్న చిత్తు బొమ్మ అగ్గిపెట్టెంత, మసక మసకగా ఉంది. అసలు కాగితం ఆయన దాచలేదట. అది అచ్చుకు పనికిరాదని ప్రచురణకర్త అప్పటికే చెప్పాడు. చిత్రకారుడు మళ్ళీ వేస్తానన్నాడు. పది రోజులు ప్రయత్నించాడు. పంపిన మూడు మేకలూ పెద్దవే. కానీ వాటిని పెద్దవిగా వేయమని ఎవరో చెప్పినట్టు ఉన్నాయి. గీత ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఆగి నడిచింది. ఆ తేడా నాకు తెలిసిపోయింది. నెలల తరబడి ఆ గీత వెంట వేలు పెట్టి నడిచినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలియకపోయినా బాగుండేది.

"ఇంక నావల్ల కాదమ్మా" అన్నాడు ఆఖరున. "మీ వంతెనకి నలభై రెండు మెట్లని నాకు తెలిసిపోనాది. సెయ్యి కాగితం మీద పెడితే అయ్యే గుర్తొస్తన్నాయి."

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఇంకొకరిని వెతకడానికి వ్యవధి లేదు. గల్లీలో ఇంకో ఇంటి మీద గుర్తు పడింది. ఉన్న బొమ్మలతోనే వేసేయమని అక్క ప్రచురణకర్తకు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. పై వాటా నుంచి ఆమె నడిచే చప్పుడు వినిపిస్తుంటే కింద కూర్చుని నాకు సిగ్గుగా ఉండేది. ఆమె ఎనిమిది కథలు ఇచ్చింది, వాటికి నేను ఎనిమిది డ్రాయింగులు చేయించాను.

పుస్తకాల కట్ట వచ్చింది. అక్క విప్పనివ్వలేదు, పిల్లల ముందే విప్పాలంది. ఆదివారం వరండాలో పురికొస కోసి, మొదటి పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల అట్ట తిప్పి, మొదటి పేజీ మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది. "కథలు" అని చదివి, పక్కన అక్క పేరు చదివింది. అక్క పెదవి కొరుక్కుని ఎటో చూసింది. ఆ పిల్ల ఒక్క అక్షరం తప్పకుండా తెలుగు చదవడం అదే మొదటిసారి. పిల్ల కింది వరుసకు వెళ్ళింది. "బొమ్మలు" అని చదివింది. ఆ పక్కన నా పేరు చదివింది.

నేను పుస్తకం లాక్కుని చూశాను. నా పేరే. ఎక్కడా ఆ చిత్రకారుడి పేరు లేదు. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే, ఆయనే వద్దన్నాడండీ అన్నాడు. ఈ బొమ్మలు తనవి కావని, ఆ అమ్మవేనని, ఆమె పేరే వేయమని రాశాడట. ఎత్తిపొడుపు కాదు, చాలా మర్యాదగా రాశాడట. మీకూ సంతోషంగా ఉంటుందని వేశాం మేడమ్ అన్నాడు.

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి ఆ పిల్ల తన నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని నా ముందు నిలబడి ఉంది.

"ఆంటీ, మీరేనా గీసినారు? అయితే నన్ను గీయండి."

జవాబు కోసం ఆగలేదు. వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా నా వైపు చూసింది. మిగతా పిల్లలు నా వెనక చేరారు. నేను స్తంభం గీశాను. కప్పు అంచు గీశాను, రాతి మెట్టు గీశాను. ఆమె కూర్చున్నచోట పెన్సిలు ఆగిపోయింది. ఏడాది పాటు ఎవరి బొమ్మలో ముఖం ఎలా ఉంటుందో చెప్పగలిగాను కానీ, ఒక్క ముఖం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు. అక్క వైపు చూశాను. అక్క కాపాడలేదు.

"నాకు మనుషుల్ని గీయడం రాదమ్మా" అన్నాను.

"మరి పుస్తకంలో మీ పేరెందుకేసినారు?"

"గీసినాయన తన పేరు వద్దన్నాడు."

"ఎందుకొద్దన్నాడు?"

"ఆయన్ని నేను గీయనివ్వలేదు" అన్నాను. అప్పటిదాకా ఆ మాట నేను అక్కతో కూడా అనలేదు.

పిల్ల లేచి వచ్చింది. నోటుబుక్కులో స్తంభాన్నీ మెట్టునూ ఒకసారి చూసింది. తర్వాత నా చేతిలోంచి పెన్సిలు తీసేసుకుంది.